డోలరైట్ అనే మాట గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండ వేయిస్తంభాల గుడికి విద్యార్థులను తీసుకుని వెళ్లినప్పుడల్లా నేను ఒక నల్లరాతి స్తంభం పక్కన నిలబడి "ఈ రాయిని భూగర్భశాస్త్రంలో డోలరైట్ అంటారు" అని చెప్పడం, ఆ వెంటనే ఎవరో ఒకరు "డోలరైట్ అంటే ఏమిటి సార్?" అని అడగడం ఏళ్ల తరబడి జరుగుతున్న పనే. అలా అడిగినవారికి కావలసింది చాలాసార్లు రాతి వివరం కాదు, మాట వివరం. విద్యార్థులే కాక, పక్కన నిలబడి వింటున్న యాత్రికులు కూడా వేసిన ప్రశ్నలను, వాటికి అక్కడికక్కడ చెప్పలేకపోయిన సమాధానాలను ఇక్కడ ఒకచోట చేర్చాను.

డోలరైట్ అంటే ఏ రాయి?

భూమి లోపలి శిలాద్రవం పైకి వచ్చే దారిలో పాత రాళ్ల పగుళ్లలోకి చొరబడి, నేలమీదికి రాకుండానే అక్కడే చల్లారి గట్టిపడితే ఏర్పడే నల్లని అగ్నిశిల ఇది. అదే ద్రవం నేలమీద పొంగి త్వరగా చల్లారితే బసాల్ట్ అవుతుంది, బాగా లోతున నిదానంగా చల్లారితే గాబ్రో అవుతుంది. మూడింటిలోనూ ప్రధాన ఖనిజాలు ప్లేజియోక్లేజ్, పైరాక్సీన్ అనే రెండే కాబట్టి, వీటి మధ్య తేడా సరుకులో కాదు, స్ఫటికాల పరిమాణంలో ఉంది. తెలంగాణ నేల చాలా వరకు గ్రానైటు, నైస్ అనే చారల రాయి, ఈ రెండింటితో ఏర్పడినది. ఆ లేతరంగు రాతిని కోసుకుంటూ పోయే నల్లని గోడల వంటి చొరబాట్లను డైకులు అంటారు, మన దగ్గర దొరికే డోలరైట్ ఎక్కువగా ఆ డైకులదే.

ఆ మాటకు గ్రీకులో అర్థం ఏమిటి?

డోలెరోస్ అనే గ్రీకు విశేషణానికి మోసకారి, కపటమైనది అని అర్థం. దానికి మూలం డోలోస్ అనే నామవాచకం. హోమర్ కావ్యాల్లో ఈ మాట చేపలకు వేసే ఎరకూ వస్తుంది, ఎదుటివాడిని పడగొట్టడానికి పన్నే పన్నాగానికీ వస్తుంది, గ్రీకులు ట్రాయ్ నగరంలోకి చేర్చిన కొయ్యగుర్రానికీ వస్తుంది. ఎరకూ పన్నాగానికీ ఒకే మాట ఉండడం తెలుగువారికి వింతగా తోచదు, ఎందుకంటే "వాడికి ఎర వేశారు" అన్నప్పుడు మనం కూడా చెరువునూ చేపనూ తలచుకోవడం లేదు. ఇదే మాట లాటిన్‌లో డోలుస్ అయి, కావాలని చేసిన మోసం, దురుద్దేశం అనే అర్థంలో రోమన్ న్యాయశాస్త్రంలో స్థిరపడింది.

రాతికి మోసకారి అని పేరు పెట్టింది ఎవరు, ఎందుకు?

ఫ్రాన్సుకు చెందిన రెనె జుస్త్ ఆయుయి ఈ పేరు పెట్టాడని చెబుతారు. ఇంగ్లీషు పుస్తకాలు చదివి మనవాళ్లు ఆయనను హాయీ అంటారు కానీ, ఫ్రెంచివారు మొదటి హకారాన్ని పలకరు. 1743లో పుట్టి 1822లో మరణించిన ఈయన క్రైస్తవ మతాచార్యుడు, స్ఫటికశాస్త్రానికి పునాది వేసినవాడు. చేతిలోని కాల్సైట్ స్ఫటికం జారి కిందపడి ముక్కలైనప్పుడు, ఆ ముక్కలన్నీ ఒకే ఆకారంలో ఉండడం గమనించి స్ఫటికాల లోపలి కట్టడం గురించి ఆలోచన మొదలుపెట్టాడని ఒక కథ ప్రచారంలో ఉంది.

ఆయన పెట్టిన మరో పేరును పక్కన ఉంచితేనే ఈ పేరు బాగా అర్థమవుతుంది. డయోరైట్ అనే రాతికి కూడా పేరు ఆయనదే. దాని మూలమైన డయోరిజెయిన్ అనే గ్రీకు క్రియకు వేరుపరచి గుర్తించు అని అర్థం. డయోరైట్ ముక్కను చేతిలోకి తీసుకుంటే తెల్లని ఫెల్‌స్పార్, నల్లని హార్న్‌బ్లెండ్ ఉప్పూ మిరియాలూ కలిపినట్టు విడివిడిగా కనిపిస్తాయి. డోలరైట్‌లో స్ఫటికాలు సన్నగా ఉండి, మొత్తం ఒకే నలుపుగా తోచి, చూసినవాడిని డయోరైట్ అనో మరొకటనో పొరబడేలా చేస్తుంది. ఒక రాయి "నన్ను గుర్తించవచ్చు" అంటే ఇంకొకటి "నన్ను గుర్తించలేవు" అన్నదన్నమాట. సూక్ష్మదర్శిని కింద పల్చని రాతి పలకలను పరీక్షించే పద్ధతి ఇంకా రాని రోజుల్లో, కంటినీ భూతద్దాన్నీ నమ్ముకుని పనిచేసిన మనిషి తన ఇబ్బందిని పేరులో రాసిపెట్టాడు. మోసం అనే నిందను రాతి మీద వేశాడు గానీ, నిజానికి ఆ పేరు చెప్పేది చూసేవాడి కంటి గురించే.

ఆ రాయి ఇప్పటికీ మోసం చేస్తుందా?

నన్ను చేసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, గైడ్లు చెప్పేదీ చిన్న పుస్తకాల్లో రాసేదీ విని, నేను కూడా వేయిస్తంభాల గుడి స్తంభాలను బసాల్ట్ అనే పరిచయం చేసేవాడిని. ఒక ఏడాది విద్యార్థులతో తిరిగి వస్తూ రోడ్డు పక్కన కంకర కుప్ప దగ్గర ఆగాం. అందులో నుంచి కొత్తగా పగిలిన నల్లరాతి ముక్క ఒకటి తీసి, పదింతలు పెద్దగా చూపే జేబు భూతద్దాన్ని కంటికి ఆనించి, ముక్కను ఎండకు అటూ ఇటూ వంచుతూ చూస్తున్న ఒక విద్యార్థిని "ఇందులో బియ్యపు నూకల్లాంటివి మెరుస్తున్నాయి, బసాల్ట్ అయితే కనిపించకూడదు కదా సార్" అని అడిగింది. అద్దం తీసుకుని చూశాను. నల్లని నేపథ్యంలో సన్నని, పొడవాటి, బూడిదరంగు పుల్లలు, ఒక్కొక్కటి మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ, ఎండ తగిలిన కోణంలో మాత్రం తళుక్కుమని మళ్లీ మాయమవుతున్నాయి. ఆ పుల్లలు ప్లేజియోక్లేజ్, వాటి మధ్య సందుల్ని నింపిన నలుపు పైరాక్సీన్. బసాల్ట్‌లో ఇవి సాధారణంగా ఇంత పెద్దగా ఎదగవు. కంకర ముక్క ఆ సందేహం రేపాక గుడి స్తంభాల నునుపైన ముఖాలను కూడా భూతద్దంతో చూసి, పాఠం మార్చుకున్నాను.

గుడి స్తంభాన్ని గీకి, చెక్కి పరీక్షించాలని ఎవరూ అనుకోవద్దు. అది రక్షిత కట్టడం, గీకడం నేరం. నునుపు చేసిన ముఖాన్ని తాకకుండా భూతద్దంతో చూసినా చాలినంత తెలుస్తుంది. 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన పాలంపేట రామప్ప గుడి వివరణలో యునెస్కో కూడా చెక్కిన స్తంభాలు, దూలాలు గ్రానైటు, డోలరైట్ రాళ్లవని స్పష్టంగా పేర్కొంది. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడిలోనూ, 1213 నాటి రామప్పలోనూ శిల్పులు సన్నని నగిషీకి ఈ నల్లరాతినే ఎంచుకున్నారు. వాళ్లకు పేరుతో పని లేదు, ఉలికి రాయి చెప్పే మాట తెలిస్తే చాలు.

చివర ఉన్న "ఐట్" దేనికి?

గ్రీకులో ఇటెస్ అనే ప్రత్యయానికి "దానికి సంబంధించిన" అని అర్థం. రాళ్ల పేర్లకూ ఖనిజాల పేర్లకూ ఇదే తోక తగిలించడం ఆనవాయితీ అయింది. మనిషి పేరుకు తగిలించినా చెల్లుతుంది: కోల్‌కతాలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి మీది రాతిని బట్టి చార్నకైట్ అని పేరు వచ్చింది.

మోసం అనే అర్థం ఉన్న శాస్త్రనామం ఇది ఒక్కటేనా?

కాదు, ఇదొక పెద్ద కుటుంబం. గ్రీకులో మోసానికి అపాటే అనే మాట కూడా ఉంది. బెరిల్, టూర్మలీన్ వంటి విలువైన రాళ్లలా కనిపించి తీరా చూస్తే కాకపోవడంతో ఒక ఖనిజానికి జర్మనీ పండితుడు వెర్నర్ 1786లో అపటైట్ అని పేరు పెట్టాడు. ఫాస్ఫేటు ఎరువులకు మూలమైన ఖనిజం అదే. మన పళ్లూ ఎముకలూ గట్టిగా ఉండడానికి కారణమైన పదార్థం కూడా దాని బంధువే, హైడ్రాక్సీఅపటైట్. ఈ వాక్యాన్ని చదువుతూ పళ్లు బిగించినవారు మోసకారిని మోసకారితో నొక్కుతున్నారన్నమాట.

జింకు ముడిఖనిజమైన స్ఫాలరైట్ పేరు స్ఫాలెరోస్ అనే విశేషణం నుంచి వచ్చింది. దానికి నమ్మదగనిది, జారిపడేలా చేసేది అని అర్థం. 1847లో ఖనిజశాస్త్రజ్ఞుడు గ్లోకర్ ఈ పేరు పెట్టక ముందు జర్మనీ గని కార్మికులు దానిని బ్లెండ్ అనేవారు. కళ్లు కప్పేది అని దాని భావం. సీసం ముడిఖనిజంలా మెరిసేది, కరిగిస్తే సీసం వచ్చేది కాదు. హార్న్‌బ్లెండ్‌లోని బ్లెండ్ కూడా ఆ తిట్టే. క్వార్ట్జ్ అనే పలుగురాయిలా కనిపించి పొరబాటు చేయించే ఫెనకైట్‌కు వంచకుడు అనే అర్థంలోని ఫెనాక్స్ మూలం. ఇన్ని పేర్లలో ఇంత కోపం ఎందుకంటే, ఖనిజాన్ని తప్పుగా గుర్తుపడితే పండితుడికి పరువు పోయేది, గని కార్మికుడికి కూలి పోయేది.

బసాల్ట్ కూడా గ్రీకు మాటేనా?

దాని చరిత్ర డోలరైట్ కంటే ఆసక్తికరమని నాకు అనిపిస్తుంది. గ్రీకులో బసానోస్ అంటే బంగారం వన్నె చూసే నల్లరాయి, అంటే మన గీటురాయి. ఆ మాట గ్రీకులోకి ఈజిప్టు నుంచి వచ్చిందని పండితుల అభిప్రాయం. బసానోస్ నుంచి బసనైటెస్ అనే రాతిపేరు వచ్చింది. రోమన్ రచయిత ప్లినీ గ్రంథానికి చేత్తో ప్రతులు రాస్తూ పోయే క్రమంలో ఎవరో లేఖకుడి చేతిలో అది బసాల్టెస్‌గా మారిందని ఎక్కువమంది ఒప్పుకుంటారు. జర్మనీకి చెందిన అగ్రికోలా 1546లో స్టోల్పెన్ కోట కింది నల్లరాతి స్తంభాలకు ఆ తప్పు రూపాన్నే వాడాడు, అదే ప్రపంచమంతా నిలిచిపోయింది. డోలరైట్ పేరు కంటి పొరబాటు గురించి చెబితే, బసాల్ట్ పేరు చేతి పొరబాటు వల్లనే పుట్టింది.

గీటురాయి పని ఎలా ఉంటుందో చూసినవారు ఇప్పుడు తగ్గుతున్నారు, యంత్రాలు వచ్చాయి. నా చిన్నతనంలో మా వీధి కంసాలి ఉంగరాన్ని నల్లరాతి మీద ఒక్కసారి బలంగా రాసేవాడు. సన్నని పసుపు గీత పడేది. దాని పక్కనే వన్నె తెలిసిన బంగారపు పుల్లతో మరో గీత గీసి, రెండింటి మీదా ఆసిడ్ చుక్క వేసి, రాతిని వెలుతురులోకి వంచి, ఏ గీత ముందు వెలిసిపోతుందో చూసేవాడు. ఈ పని కోసం స్ఫటికాలు కంటికి అసలే అందనంత సన్నని, గట్టి నల్లరాయి కావాలి. డోలరైట్ గరుకు కాబట్టి దీనికి అంతగా పనికిరాదు. గ్రీకులో బసానోస్ అనే మాట క్రమంగా పరీక్ష అనే అర్థానికీ, అక్కడి నుంచి నిజం చెప్పించడానికి పెట్టే చిత్రహింస అనే అర్థానికీ జారింది. తెలుగులో గీటురాయి అంత దూరం పోలేదు, ప్రమాణం అనే అర్థం దగ్గరే మర్యాదగా ఆగింది.

గీటురాయిని ఒరగల్లు అని కూడా అంటారు కదా, ఓరుగల్లుకూ దానికీ సంబంధం ఉందా?

చాలామంది అడిగే ప్రశ్న ఇది, సంబంధం లేదు. ఒరగల్లులోని ఒర అనే భాగం ఒరయు అనే క్రియకు చెందినది, రాచు అని అర్థం. ఓరుగల్లులోని ఓరు అంటే ఒకటి. రెండింటిలోనూ ఉమ్మడిగా ఉన్నది చివరి కల్లు మాత్రమే, అది రాయి అనే అర్థంలోని పాత ద్రావిడ పదం. కల్లు అనగానే మనకు తాటిచెట్టు గుర్తుకు వస్తుంది కానీ, పెళ్లిలో తొక్కే సన్నికల్లులో ఉన్నది ఆ రాయే. కన్నడంలో రాతిని నేటికీ కల్లు అనే అంటారు.

ఓరుగల్లును సంస్కృతంలో ఏకశిలానగరం అన్నారు. వరంగల్ కోటలో ఉన్న పెద్ద గ్రానైటు గుట్ట ఆ పేరుకు కారణం. ఆ గుట్ట డోలరైట్ కాదని కూడా గమనించాలి. ఇక మోనోలిత్ అనే ఇంగ్లీషు మాటను విడదీయండి: మోనోస్ అంటే ఒకటి, లిథోస్ అంటే రాయి. ఓరు, కల్లు. ఏక, శిల. మోనోస్, లిథోస్. తెలుగూ గ్రీకూ ఒకదాని ముఖం ఒకటి చూడకుండా, ఒంటరిగా నిలిచిన పెద్ద రాతిని చూసి ఒకే విధంగా మాటలు కూర్చాయి. ఇది అనువాదమూ కాదు, అప్పూ కాదు. ఏకశిల మాత్రం ఓరుగల్లుకు సంస్కృతంలో చేసుకున్న మారుపేరు. గ్రీకు శాస్త్రనామాలంటే బెదిరిపోయే విద్యార్థులకు నేను మొదట ఈ ఒక్క ఉదాహరణ చెబుతాను, ఎందుకంటే వాళ్ల ఊరి పేరే ఆ పద్ధతిలో తయారైంది.

లిథోస్ ఇంకా ఎక్కడ కనిపిస్తుంది?

1817లో పెటలైట్ అనే రాతి ఖనిజంలో కనిపెట్టినందుకు లిథియం మూలకానికి ఆ పేరు వచ్చింది. ఫోన్ బ్యాటరీలో ఉన్నది అర్థాన్ని బట్టి చూస్తే "రాతిసారం". రాతిపలక మీద గీసి అచ్చువేసే లిథోగ్రఫీని తెలుగులో శిలాముద్రణ అన్నారు. మూత్రపిండాల్లో రాళ్లు పగలగొట్టే చికిత్స లిథోట్రిప్సీలో ట్రిప్సిస్ అంటే రాచడం, నూరడం. ఆసుపత్రి రసీదు మీద ఎంత గంభీరంగా కనిపించినా, ఆ మాట చెబుతున్నది మన సన్నికల్లు పనే.

డోలరైట్‌లోని ఖనిజాల పేర్లకు అర్థాలేమిటి?

ప్లేజియోస్ అంటే ఏటవాలు, క్లాసిస్ అంటే పగులు. ఈ ఖనిజం రెండు దిక్కుల్లో చీలుతుంది, ఆ రెండు చీలికల మధ్య కోణం సరిగ్గా 90 డిగ్రీలు ఉండదు, కాస్త వాలి ఉంటుంది. అందుకే జర్మనీ ఖనిజశాస్త్రజ్ఞుడు బ్రైట్‌హౌప్ట్ 1847లో ప్లేజియోక్లేజ్ అన్నాడు. దాని బంధువైన ఆర్థోక్లేజ్‌లో కోణం నిటారు, ఆర్థోస్ అంటే నిటారైనది. ఇవి నిజం చెప్పే పేర్లు. కోణమానిని పెట్టి కొలిస్తే పేరు రుజువవుతుంది.

పైరాక్సీన్ సంగతి వేరు. పైర్ అంటే నిప్పు, క్సెనోస్ అంటే పరాయివాడు, అతిథి. 1796లో ఈ పేరు పెట్టింది కూడా ఆయుయియే. లావా రాళ్లలో ఈ నల్లని స్ఫటికాలను చూసి, ఇవి నిప్పులో పుట్టినవి కావు, ఎక్కడివో వచ్చి పొంగే లావాలో చిక్కుకున్నవి అనుకున్నాడు. అసలు విషయం పూర్తిగా తిరగబడింది: పైరాక్సీన్ ఆ శిలాద్రవంలోనే పుట్టి పెరిగిన సొంత బిడ్డ. నిప్పుకు పరాయి అని పేరున్న ఖనిజం నిప్పులోనే పుట్టిందని తెలిసిన తరువాత కూడా ఎవరూ పేరు మార్చలేదు. మార్చనవసరం లేదని నా అభిప్రాయం. ఒక పేరు పనిచేయడానికి అందరూ దానిని ఒకే వస్తువుకు వాడితే చాలు, దాని అర్థం నిజం కావలసిన పని లేదు. గుడ్డివాడికి కమలాక్షుడు అనే పేరుంటే ఊళ్లో ఎవరైనా మార్చమంటారా?

పైరాక్సీన్లలో డోలరైట్‌లో ఎక్కువగా ఉండేది ఆగైట్. గ్రీకులో ఔగే అంటే మెరుపు, వెలుగు. కొత్తగా పగిలిన ముఖం మీద అది మెరవడం నిజమే.

అమెరికా పుస్తకాల్లో డయాబేస్ అని ఎందుకు ఉంది?

అమెరికాలో ఈ రాతినే డయాబేస్ అంటారు, బ్రిటన్‌లో డోలరైట్ అంటారు, మనం బ్రిటిషువారి పాఠ్యపుస్తకాల దారిన నడిచాం. డయాబేస్ అనే పేరును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్రోన్యార్ 1807లో వాడాడు, దానిని దాటిపోవడం అనే అర్థంలోని డయాబాసిస్ అనే గ్రీకు మాటతో ముడిపెడతారు. అయితే ఆయన ఆ పేరు పెట్టింది ఇప్పుడు డయోరైట్ అంటున్న రాతికి. పైగా బ్రిటన్‌లో ఒకప్పుడు మార్పుచెందిన పాత డోలరైట్‌ను మాత్రమే డయాబేస్ అనేవారు. ఒకే పేరు మూడు చోట్ల మూడు రాళ్లకు తిరిగింది. పరీక్ష రాసే విద్యార్థులు ప్రస్తుతానికి ఈ రెండు పేర్లూ ఒకే రాతివని గుర్తుంచుకుంటే చాలు.

డోలమైట్, డోల్మెన్, డొల్ల, వీటికి డోలరైట్‌తో చుట్టరికం ఉందా?

ఏదీ లేదు. డోలమైట్ ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డోలోమ్యూ పేరు మీద వచ్చింది, అది సున్నపురాతి జాతి. ఖమ్మం జిల్లా మాదారంలో గని తవ్వి ఉక్కు తయారీకి వాడేది డోలమైటే తప్ప డోలరైట్ కాదు. ములుగు జిల్లా దామరవాయిలో పెద్ద బండలను నిలబెట్టి పైన కప్పు వేసిన ప్రాచీన సమాధులను డోల్మెన్లు అంటారు. ఆ మాట ఫ్రాన్సులోని బ్రెటన్ భాషది, రాతిబల్ల అని అర్థం. ఇక డొల్ల మన మాట. పైకి గట్టిగా ఉండి లోపల ఖాళీగా ఉండేది కూడా ఒక విధంగా మోసమే కదా అని ఒక విద్యార్థి వాదించాడు, వాదన ముచ్చటగా ఉంది కానీ డోలరైట్ లోపల ఖాళీ ఏమీ ఉండదు. ఘనపు సెంటీమీటరుకు దాదాపు 3 గ్రాములు తూగుతుంది, గ్రానైటు సుమారు 2.65 మాత్రమే.

వ్యాపారులు దీనిని నల్ల గ్రానైట్ అంటారు, అది తప్పా?

శాస్త్రం ప్రకారం తప్పే. గ్రానైటు మాటకు మూలం గింజ అనే అర్థంలోని లాటిన్ గ్రానుమ్, అది ఇటాలియన్ ద్వారా వచ్చింది, గ్రీకు కాదు. గ్రానైటులో క్వార్ట్జ్ పుష్కలంగా ఉండాలి, డోలరైట్‌లో అది లేనట్టే. అయితే కరీంనగర్, వరంగల్ పాలిషింగ్ యూనిట్లలో గ్రానైట్ అంటే గట్టిగా ఉండి అద్దంలా పాలిష్ పట్టే రాయి అని అర్థం. వంటగది గట్టు కోసం బండ కొనేవాడు దుకాణంలో డోలరైట్ అడిగితే ఎవరికీ అర్థం కాదు. దుకాణంలో నల్ల గ్రానైట్ అనండి, పరీక్షలో మాత్రం అనవద్దు.

తెలుగులో దీనికి సమానమైన మాట కల్పించవచ్చు కదా?

నల్లరాయి అనే మాట ఎప్పటి నుంచో ఉంది, గుడి గురించి మాట్లాడేటప్పుడు అది చాలు. కానీ బసాల్టూ గాబ్రో కూడా నల్లరాళ్లే కాబట్టి శాస్త్రానికి అది చాలదు. కొందరు గ్రీకు అర్థాన్ని తీసుకుని కపటశిల అందామని ఉత్సాహపడతారు, నేను దీనిని ఒప్పుకోను.

ఎందుకంటే మనకు ఒక పాత అనుభవం ఉంది. ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు లావోయిజే ఆక్సిజన్ అనే పేరును ఆమ్లం అనే అర్థం వచ్చే ఆక్సీస్, పుట్టించేది అనే అర్థం వచ్చే జెన్ కలిపి కూర్చాడు, ఎందుకంటే ఆమ్లాలన్నిటిలోనూ ఈ వాయువు తప్పక ఉంటుందని ఆయన నమ్మాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని ఆ తరువాత తేలింది. మనవాళ్లు ఈ పేరును అక్షరాలా అనువదించి ఆమ్లజని అన్నారు. లావోయిజే పొరబాటు గ్రీకులో దాగి ఉన్నంతకాలం ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు, తెలుగులోకి వచ్చేసరికి నగ్నంగా బయటపడి, ఆమ్లాలకు కారణం ఆ వాయువేనని పిల్లలకు తప్పు పాఠం చెప్పడం మొదలుపెట్టింది. దానికి ప్రాణవాయువు అనే మాట ఎంతో మేలు, అది ఫ్రెంచి పండితుడు ఏమనుకున్నాడని చూడకుండా, ఆ వాయువు మనకు ఏం చేస్తున్నదో చూసి పెట్టిన పేరు. నీటిని పుట్టించేది అనే అర్థంలో ఉదజని మాత్రం నిజంగానే నిలబడింది, హైడ్రోజన్ మండితే నీరే వస్తుంది. ఇలా ఒక్కొక్క మాటను తూచి చూడాలి తప్ప అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. కపటశిల అని రాస్తే, గర్భగుడి ముందు నిలబడి ఆ రాతి కపటమేమిటో వెతికే పరిస్థితి వస్తుంది. డోలరైట్ అనే ఉంచుకుందాం.

ఎలా రాయాలి, ఎలా పలకాలి?

డోలరైట్, డోలెరైట్, డాలరైట్ మూడూ కనిపిస్తున్నాయి. నేను డోలరైట్ అని రాస్తాను. డాలరైట్ ఉచ్చారణపరంగా ఇంగ్లీషుకు దగ్గరే కానీ, ఆ రూపం చూసిన వెంటనే డబ్బు గుర్తుకు వస్తుంది.

మా చేనులో నల్లగుండ్ల వరస ఉంది, అది డోలరైటేనా?

అయ్యే అవకాశం ఎక్కువ. ఎర్రనేల మీద, లేతరంగు గ్రానైటు మధ్య, గుండ్రని నల్లగుండ్లు తాడు పరిచినట్టు ఒకే దిశలో సాగుతుంటే అది డైకు పైభాగం కావచ్చు. ఉల్లిపొరల్లా పొరలు ఊడుతూ గుండ్రంగా అరగడం ఈ రాతి అలవాటు. గట్టిగా, పగుళ్లు లేకుండా ఉన్న డైకు నేల లోపలి నీటికి అడ్డుగోడలా నిలుస్తుంది కాబట్టి, వరసకు ఒకవైపు బావిలో నీరు ఉండి రెండోవైపు బోరు ఎండిపోవడం మన దగ్గర రైతులకు కొత్త కాదు. ఇక్కడ మోసం చేసేది పేరు కాదు, బోరు వేయాల్సిన చోటు, కాబట్టి ముందుగా భూగర్భజల నిపుణుడికి చూపించాలి.

మన ఊరి పేరూ గ్రీకు మాటా కలిసిన శాస్త్రనామం ఏదైనా ఉందా?

ఉంది, కానీ అది రాతిది కాదు, రాతిలో దొరికిన జీవిది. ప్రాణహిత, గోదావరి లోయలోని జురాసిక్ కాలపు రాతిపొరలకు, మహారాష్ట్రలోని సిరొంచ దగ్గరి కోట అనే గ్రామం పేరు మీద కోట పొరలు అని పేరు. వాటిలో దొరికిన పెద్ద శాకాహార డైనోసార్‌కు 1988లో యాదగిరి అనే శాస్త్రజ్ఞుడు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని నామకరణం చేశాడు. కోట ఊరి పేరు, సారోస్ గ్రీకు, యామన్‌పల్లి తెలంగాణ పల్లె, చివరి ఎన్సిస్ లాటిన్. సారోస్ అంటే బల్లి, తొండ. డైనోసార్లు బల్లులు కావని తేలి చాలా కాలమైంది, అయినా ఆ పేరు అలాగే ఉంది. ఆ అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు, దాని పక్కన నిలబడితే ఏ బల్లీ గుర్తుకు రాదు.